రూఫ్ మనది కాదు... బిల్లు మాత్రం మనదే!

ఫోన్ తెరిస్తే చాలు, రీల్స్‌లో ఒకటే గోల. ‘మీ డాబా మీద సోలార్ పెట్టించండి, కరెంటు బిల్లు సున్నా చేసుకోండి!’ డ్రోన్ షాట్‌లో తెల్లటి డూప్లెక్స్ ఇల్లు, దాని మీద నిగనిగలాడే నీలం ప్యానెళ్లు, ముందు నిలబడి నవ్వుతున్న ఫ్యామిలీ. మొన్న మా రూమ్మేట్ ఆ రీల్ చూసి ఒక ప్రశ్న అడిగాడు. ‘మామా, మనది టూ షేరింగ్. ప్యానెల్ ఎక్కడ పెడదాం, నీ మంచం మీదా నా మంచం మీదా?’

నవ్వొచ్చింది కానీ ప్రశ్న సీరియస్సే. అమీర్‌పేటలో మనలాంటి కిరాయివాళ్లు ఎంతమంది ఉంటారో తెలియాలంటే సర్వేలు అక్కర్లేదు. సాయంత్రం పూట మైత్రీవనం దగ్గర ఐదు నిమిషాలు నిలబడితే చాలు. చేతిలో కోర్సుల కరపత్రాలు, భుజాన బ్యాక్‌ప్యాక్‌లు, ఏ కరెంటు స్తంభం చూసినా ‘బాయ్స్ హాస్టల్’, ‘సింగిల్ రూమ్ టు-లెట్’ కాగితాలు. ఎస్.ఆర్.నగర్, బల్కంపేట, పంజాగుట్ట సందుల్లోనూ ఇదే సీన్. పర్యావరణం, గ్రీన్ ఎనర్జీ అంటూ మనకొచ్చే సలహాలేమో దాదాపు అన్నీ సొంతిల్లు, సొంత డాబా ఉన్నవాళ్లకే. పదకొండు నెలల అగ్రిమెంటు మీద బతికేవాడు ఏం చేయాలి? చేస్తే అతనికేమైనా మిగులుతుందా? ఈ రెండు ప్రశ్నలకి కొన్నాళ్లుగా లెక్కలు వేస్తూ కూర్చున్నాను. అవే ఇక్కడ పెడుతున్నా.

నా గురించి ఒక్క మాట. బీటెక్‌లో ఈఈఈ చదివి, జావా కోర్సు కోసం అమీర్‌పేటలో దిగి, సాఫ్ట్‌వేర్‌లో సెటిలైన లక్షలాది మందిలో నేనూ ఒకడిని. ట్రాన్స్‌ఫార్మర్ల గురించి చదివిన చదువు ఉద్యోగంలో ఒక్కరోజూ పనికి రాలేదు. కరెంటు బిల్లు చదవడానికి మాత్రం భలే పనికొస్తోంది.

పొగ కనిపించని కరెంటు

ముందు ఒక యూనిట్ అంటే ఏంటో చూద్దాం. వెయ్యి వాట్ల వస్తువు గంటసేపు నడిస్తే ఒక యూనిట్. మన దేశంలో గ్రిడ్ నుంచి వచ్చే ఒక్కో యూనిట్ వెనకాల సగటున 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ ఉంటుంది. అంటే నెలకి 150 యూనిట్లు వాడే రూము నుంచి దాదాపు 105 కిలోలు. కారణం తెలిసిందే, బొగ్గు.

ఒకప్పుడు హైదరాబాద్‌లో ఈ పొగ కళ్ల ముందే ఉండేది. హుస్సేన్ సాగర్ ఒడ్డున 1920లో థర్మల్ పవర్ స్టేషన్ పెట్టారు. నిజాం కాలం నాటి ఆ స్టేషన్ చిమ్నీలు నగరం మధ్యలోనే కనిపించేవి. 1990లలో దాన్ని కూల్చేశారు. ఇప్పుడు మన కరెంటు పాల్వంచలోనో, రామగుండంలోనో, నల్గొండ జిల్లా దామరచర్ల దగ్గర కట్టిన 4000 మెగావాట్ల యాదాద్రి ప్లాంటులోనో తయారవుతుంది. పొగ అక్కడి ఊళ్ల మీద, చల్లగాలి ఇక్కడ మన గదుల్లో. రామగుండంలోనే ఎన్టీపీసీ రిజర్వాయర్ నీళ్ల మీద తేలే 100 మెగావాట్ల సోలార్ ప్లాంటు 2022 నుంచి పూర్తిస్థాయిలో నడుస్తోంది. మార్పు వస్తోంది, కాదనను. కాకపోతే రాత్రి పదకొండింటికి అమీర్‌పేట మొత్తం ఏసీలు వేసుకునేసరికి సూర్యుడు డ్యూటీ దిగిపోయి ఉంటాడు. ఆ టైములో మనం మిగిల్చే యూనిట్ నేరుగా బొగ్గు మిగిల్చే యూనిట్.

201వ యూనిట్ ఖరీదు 207 రూపాయలు!

ఇది హెడ్డింగ్ కోసం రాసింది కాదు, నిజం. తెలంగాణలో 2022 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన డొమెస్టిక్ రేట్లు తీసుకోండి. నెలకి 100 యూనిట్లు దాటి 200 లోపు వాడితే మొదటి వందకి యూనిట్ 3.40 రూపాయలు, రెండో వందకి 4.80. సరిగ్గా 200 వాడితే ఎనర్జీ చార్జీ 820 రూపాయలు. ఇంకొక్క యూనిట్ ఎక్కువైందనుకోండి, కేటగిరీయే మారిపోతుంది. మొదటి 200 యూనిట్లకీ 5.10 చొప్పున వేసి, ఆ పైన దానికి 7.70 వేస్తారు. మొత్తం 1027 రూపాయల 70 పైసలు. ఒక్క యూనిట్‌కి 207 రూపాయల 70 పైసలు పెరిగాయి! ఫిక్స్‌డ్ చార్జీలు, కస్టమర్ చార్జీలు, డ్యూటీ వేరే. 300 దాటితే యూనిట్ 9 రూపాయలు, 400 దాటితే 9.50, 800 దాటితే 10.

గృహజ్యోతిలో 2024 మార్చి నుంచి సున్నా బిల్లు వస్తున్న రేషన్ కార్డు కుటుంబాలకి కూడా ఈ 200 గీతే ప్రాణం. దాటితే ఆ నెల బిల్లు మొత్తం కట్టుకోవాల్సిందే. అందుకే మా సందులో పోర్షన్లలో ఉండే ఆంటీలకి నెలాఖరులో మీటర్ రీడింగ్ నోటికి వస్తుంది. గ్రీన్ లివింగ్ గురించి నేను నేర్చుకున్నది వాళ్ల దగ్గరే ఎక్కువ. ఇరవై ఐదో తారీఖు దాటాక ఇస్త్రీ పెట్టె బయటికి తీయరు!

సరే, మీటర్ మన పేరు మీద ఉంటే ఈ స్లాబుల ఆట ఆడుకోవచ్చు. మనలో చాలామందికి ఉండేది సబ్‌మీటర్. ఓనర్ పెట్టిన చిన్న డబ్బా, ఒకటే రేటు. ‘యూనిట్ పది రూపాయలు బాబూ, అందరికీ అదే’ అంటారు ఓనర్ అంకుల్. ఇక్కడే అసలు కథ మొదలవుతుంది.

మూడు పోర్షన్లు, ఒకటే మెయిన్ మీటర్ అనుకుందాం. ఒక్కో పోర్షన్ 120 యూనిట్లు వాడింది. విడివిడిగా మూడు మీటర్లుంటే ఒక్కొక్కరికి ఎనర్జీ చార్జీ 436 రూపాయలు, ముగ్గురికీ కలిపి 1308. ఒకే మీటర్‌లో 360 యూనిట్లు పడితే 2330! ఎవరూ ఎక్కువ వాడలేదు. లెక్క కలిసిపోయినందుకే వెయ్యి రూపాయలు పెరిగాయి. ఇక పది రూపాయల ఫ్లాట్ రేటు చొప్పున ఓనర్ వసూలు చేసేది 3600.

ఓనర్లందరూ దోచుకుంటున్నారని నేననను. మోటార్ కరెంటు, మెట్ల దగ్గర లైట్లు, కొన్నిచోట్ల లిఫ్టు, ఇవన్నీ ఆ పది రూపాయల్లోంచే పోతాయి. కానీ అడిగే హక్కు మనకుంది. ‘అంకుల్, మెయిన్ బిల్లు ఒకసారి చూపిస్తారా? కామన్ ఖర్చు విడిగా పంచుకుందాం, మా యూనిట్లకి మాత్రం అసలు రేటు వేయండి’ అని మర్యాదగా అడిగితే కొందరు ఒప్పుకుంటారు. కిచెన్, ఎంట్రన్స్ విడిగా ఉన్న పోర్షన్ అయితే వేరే సర్వీస్ కనెక్షన్‌కి డిస్కంలో అప్లై చేయమనొచ్చు. ఏమీ కుదరకపోతే కనీసం ప్రతి నెలా ఒకటో తారీఖున సబ్‌మీటర్ ఫొటో తీసి వాట్సాప్‌లో ఓనర్‌కి పంపండి. మూడు నెలల ఫొటోలు వరసగా ఉంటే మాటకి బలం వస్తుంది.

ఇందులో ఒక తమాషా ఉంది. స్లాబులో తక్కువ రేటు కట్టేవాడికంటే, పది రూపాయల సబ్‌మీటర్ వాడికే పొదుపు వల్ల లాభం ఎక్కువ. కట్టే రేటు పెద్దదైతే మిగిలే రూపాయీ పెద్దదే కదా! అందరికంటే నష్టం ‘కరెంటు ఫ్రీ’ హాస్టళ్లలో. అక్కడ రూములో ఎవరూ లేకపోయినా ఫ్యాన్ తిరుగుతూనే ఉంటుంది. ఆపితే ఎవరికీ ఏమీ రాదు కాబట్టి ఎవరూ ఆపరు.

ఖాళీ చేసేటప్పుడు పట్టుకెళ్లే వస్తువులు

కిరాయివాడిగా నేను పెట్టుకున్న రూలు ఒకటే. ఖాళీ చేసేటప్పుడు మనతో వచ్చే వస్తువు మీద మన డబ్బు పెట్టాలి. అక్కడే ఉండిపోయేదానికి ఓనర్‌ని ఒప్పించాలి.

మొదటి లిస్టులో నంబర్ వన్ ఫ్యాన్. పాత సీలింగ్ ఫ్యాన్ ఫుల్ స్పీడులో 70 నుంచి 80 వాట్లు తాగుతుంది. బీఎల్‌డీసీ ఫ్యాన్ సుమారు 30 వాట్లతో అదే గాలి ఇస్తుంది. తేడా 45 వాట్లు అనుకోండి. షిఫ్టుల మీద ఉండే షేరింగ్ రూముల్లో ఫ్యాన్ రోజుకి 16 గంటలు తిరగడం మామూలే. నెలకి 21 యూనిట్ల పైనే మిగులుతాయి. పది రూపాయల సబ్‌మీటర్ మీద 216 రూపాయలు. మూడు వేలు పెట్టి ఫ్యాన్ కొంటే పద్నాలుగు నెలల్లో డబ్బులు తిరిగొచ్చేస్తాయి. 4.80 స్లాబులో ఉన్నవాళ్లకి ఇదే పనికి రెండున్నరేళ్లు పడుతుంది. రూములో ఇద్దరుంటే సగం సగం వేసుకోండి, ఎవరు ముందు ఖాళీ చేస్తే వాళ్లకి రెండోవాళ్లు మిగతా సగం ఇచ్చేయాలని ముందే మాట్లాడుకోండి. బిగించడానికి ఎలక్ట్రీషియన్ అరగంట పని. గోడకున్న పాత రెగ్యులేటర్‌ని లైన్‌లోంచి తప్పించమని చెప్పండి, ఈ ఫ్యాన్లు రిమోట్‌తో నడుస్తాయి. ఓనర్ ఫ్యాన్‌ని అట్టపెట్టెలో భద్రంగా పెట్టి, వెళ్లేటప్పుడు మళ్లీ బిగించి ఇచ్చేయాలి. సీలింగ్ ఫ్యాన్లకి స్టార్ లేబుల్ 2023 జనవరి నుంచి తప్పనిసరి. లేబుల్ లేకుండా అమ్మితే కొనకండి.

‘ఫోన్ చార్జర్ ప్లగ్ తీసేయండి, భూమిని కాపాడండి’ అనే సలహా మీరు వందసార్లు వినుంటారు. ఫోన్ రోజుకోసారి ఫుల్‌గా చార్జ్ చేసినా ఏడాదికి పది యూనిట్లు కూడా కావు. మంచి ఫ్యాన్ దాన్ని పదిహేను రోజుల్లో మిగిల్చేస్తుంది. చార్జర్ తీయొద్దని కాదు, తీసేసి పెద్ద పని చేశామని అనుకోవద్దు. దానికంటే రోజంతా ఆన్‌లో ఉండే సెట్‌టాప్ బాక్సు స్విచ్ ఆపడం మేలు. టీవీ ఆపినా అది 10, 15 వాట్లు లాగుతూనే ఉంటుంది. నెలకి ఏడు నుంచి పది యూనిట్లు పోతాయి.

ఇక ఏసీ. ఈ మాటెత్తితే గ్రీన్ గురువులు కోప్పడతారు కానీ, మే నెలలో హైదరాబాద్‌లో పై అంతస్తు రూములో ఉండి చూడండి, తర్వాత మాట్లాడదాం. ఏసీ కొనేవాళ్లకీ, అద్దెకి తెచ్చుకునేవాళ్లకీ ఒక చిట్కా. బీఈఈ స్టార్ లేబుల్ మీద ఏడాదికి ఎన్ని యూనిట్లో రాసి ఉంటుంది. అది 1600 గంటల వాడకానికి వేసిన లెక్క. దాన్ని 200తో భాగిస్తే ఎనిమిది గంటల రాత్రికి ఎన్ని యూనిట్లో వచ్చేస్తుంది. లేబుల్ మీద 1000 ఉంటే రాత్రికి 5 యూనిట్లు, 760 ఉంటే 3.8. మీ సబ్‌మీటర్ రేటుతో గుణించి, రూమ్మేట్స్ సంఖ్యతో భాగించండి. షాపులో సేల్స్‌మన్ చెప్పే కబుర్లకంటే ఈ ఒక్క లెక్క మేలు. సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్లు లేబుల్ మీద సంవత్సరం కూడా చూడండి. 2022 జూలైలో రేటింగులు కఠినం చేశారు కాబట్టి అంతకుముందటి ఫైవ్ స్టార్ ఇప్పుడు ఫైవ్ స్టార్ కాదు.

టెంపరేచర్ గొడవ ప్రతి రూములోనూ ఉండేదే. ఒకడు 18 అంటాడు, ఒకడు దుప్పటి కప్పుకుంటాడు. ఒక్క డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు మిగులుతుందని బీఈఈ చెబుతోంది. 2020 జనవరి నుంచి కొత్త ఏసీలు ఆన్ చేయగానే 24 దగ్గరే మొదలయ్యేలా రూల్ పెట్టారు. మామూలు ఏసీల్లో 18 పెట్టినంత మాత్రాన గది త్వరగా చల్లబడిపోదు కూడా. 26 పెట్టి, పైన ఫ్యాన్ తిప్పితే నిద్ర బాగానే పడుతుంది.

ఏసీ బడ్జెట్ లేనివాళ్లకి కూలర్ ఉండనే ఉంది, 200 వాట్ల లోపే. మన ఊరి ఎండ పొడి ఎండ కాబట్టి ఏప్రిల్, మేలలో కూలర్ అద్భుతంగా పనిచేస్తుంది. ఒకే షరతు, కిటికీ తెరిచి ఉంచాలి. మూసుకుని కూర్చుంటే గది కాస్తా ఇడ్లీపాత్ర అవుతుంది. మన తాతల కాలంలో కిటికీలకి వట్టివేళ్ల తడికెలు కట్టి నీళ్లు చల్లింది కూడా ఇదే సైన్సు. జూలై వచ్చి గాల్లో తేమ పెరిగాక మాత్రం కూలర్ మీద ఆశ వదిలేసుకోవచ్చు.

గీజర్ సంగతి త్వరగా చెప్పేస్తాను. ఒక బక్కెట్ నీళ్లు కాగడానికి అర యూనిట్ దాకా అవుతుంది. గీజర్ అయినా, బక్కెట్‌లో వేసే రాడ్ అయినా దాదాపు అంతే. రాడ్‌తో తేడా ఏంటంటే ప్రాణానికి ప్రమాదం. వేసవిలో ఆ ఖర్చూ లేదు, డాబా మీది ట్యాంకే ఫ్రీ సోలార్ హీటర్. పొద్దున పదకొండు తర్వాత కుళాయి తిప్పితే పులుసు పెట్టుకోవచ్చు! ఆ నీళ్లు కూడా ఊరికే రావు. నాగార్జునసాగర్ నుంచి కృష్ణా నీళ్లు వంద కిలోమీటర్లకి పైగా పంపులతో ఎత్తి పోస్తే నగరానికి చేరతాయి. తర్వాత మన బిల్డింగ్ మోటార్ ఇంకో ఐదంతస్తులు ఎక్కిస్తుంది. కారే కుళాయి అంటే కారే కరెంటు.

సున్నం రాజకీయం

ఇప్పుడు రెండో లిస్టు, అంటే ఓనర్‌ని ఒప్పించాల్సినవి. అందులో మొదటిది డాబా మీద తెల్లరంగు.

మాది టాప్ ఫ్లోర్. సాయంత్రం ఆరింటికి బయట చల్లబడినా, గోడలు, శ్లాబు రాత్రి ఒంటిగంట దాకా వేడి వదులుతూనే ఉంటాయి. నల్లగా నాచుపట్టిన శ్లాబు పగలంతా ఎండని తాగుతుంది, రాత్రి మన మీద కక్కుతుంది. అదే శ్లాబుని తెల్లగా చేస్తే ఎండలో చాలా భాగం తిరిగి వెళ్లిపోతుంది.

దీనికి దూరం వెళ్లక్కర్లేదు, మన పక్కనే సాక్ష్యం ఉంది. 2017లో బంజారాహిల్స్ వైపున్న దేవరకొండ బస్తీలో 25 పేద కుటుంబాల ఇళ్ల మీద తెల్లటి పొర పరిచి చూశారు. ట్రిపుల్ ఐటీ హైదరాబాద్, రాజ్‌భవన్ రోడ్డులోని అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజ్, జీహెచ్ఎంసీ లాంటివన్నీ అందులో భాగం. ఆ పొర లేని ఇళ్లతో పోలిస్తే లోపల సగటున 2 డిగ్రీలు తగ్గింది. రెండేనా అనకండి. ఏసీ లేని రేకుల ఇంట్లో, పసిపిల్లలూ ముసలివాళ్లూ పడుకునే గదిలో ఆ రెండు డిగ్రీలు నిద్రకీ మెలకువకీ మధ్య తేడా. ఆ తర్వాత 2023 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం 2023-28 కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది. అయిదేళ్లలో రాష్ట్రంలో 300 చదరపు కిలోమీటర్ల కప్పుల్ని చల్లగా మార్చాలనేది లక్ష్యం. కొత్తగా కట్టే పెద్ద భవనాలకి తప్పనిసరి అన్నారు. మనముండే పాత బిల్డింగులు, చిన్న ఇళ్లు ఎవరిష్టం వాళ్లది. మనకి అవసరం ఉన్నదేమో సరిగ్గా అక్కడే!

మా ఓనర్ అంకుల్‌ని అడిగాను. ‘సున్నం రెండు వానలకి పోతది బాబూ, ఎందుకు దండగ?’ అన్నారు. ఆయన మాటలో నిజం లేకపోలేదు. ఉత్త సున్నం కొట్టుకుపోతుంది. జిగురు కలిపి రెండు కోట్లు వేస్తే ఎండాకాలం గడుస్తుంది. డాబాల కోసమే అమ్మే తెల్లటి అక్రిలిక్ కోటింగ్ అయితే కొన్నేళ్లు ఆగుతుంది, కానీ ఖర్చెక్కువ. నేను పర్యావరణం జోలికి పోకుండా వేరే దారిలో వచ్చాను. ‘అంకుల్, ప్రతి ఏప్రిల్‌లో మీ టాప్ ఫ్లోర్ ఖాళీ అవుతోంది కదా. రెండు నెలల కిరాయి పోతోంది. అందులో సగం పెడితే తెల్లరంగు వస్తుంది.’ ఆయన వెంటనే ఏమీ అనలేదు. మర్నాడు ఆంటీ డాబా మీదికొచ్చి చెప్పులు విడిచి శ్లాబు మీద కాలు పెట్టి చూశారు. వడియాలు ఆరబెట్టే చోటు వదిలేసి మిగతాది వేయించుకోండని పర్మిషన్ వచ్చింది. రంగు డబ్బులు వాళ్లవి, కూలి పని మా టాప్ ఫ్లోర్ బ్యాచ్‌ది. ఆదివారం పొద్దున ఆరింటికి మొదలుపెట్టి ఎండ ముదిరేలోపు ముగించాం. కళ్లకి గాగుల్స్ పెట్టుకోండి, తెల్లటి డాబా మీద ఎండ కళ్లలో పొడుస్తుంది.

ఓనర్లతో మాట్లాడేటప్పుడు ఇది గుర్తుంచుకోండి. వాళ్ల డబ్బు, మన సుఖం అన్నప్పుడు ఎవరూ కదలరు. ఖర్చు ఒకరిది, లాభం ఇంకొకరిది అయిన ప్రతిచోటా ఇదే చిక్కు. లాభంలో వాళ్ల వాటా కనబడాలి.

జర్మనీలో ఈ చిక్కుని చట్టంతో విప్పడానికి చూశారు. అక్కడ ఫ్లాట్లలో కిరాయికి ఉండేవాళ్లు బాల్కనీ రెయిలింగ్‌కి రెండు ప్యానెళ్లు తగిలించి, చిన్న ఇన్వర్టర్ ద్వారా గోడ సాకెట్‌కే కలుపుకుంటారు. 2024లో దాని పరిమితిని 600 వాట్ల నుంచి 800 వాట్లకి పెంచారు. అదే ఏడాది, సరైన కారణం లేకుండా ఓనర్ కాదనడానికి వీల్లేకుండా నిబంధన కూడా తెచ్చారు. వినడానికి బాగుంది కదా అని యూట్యూబ్ చూసి ఇక్కడ ప్లగ్‌లో ప్యానెల్ గుచ్చేరు, జాగ్రత్త! మన దగ్గర అలాంటి ఏర్పాటు ఇంకా రాలేదు. లైన్ ఆపి స్తంభం మీద పని చేస్తున్న లైన్‌మన్‌కి మన ప్యానెల్ నుంచి కరెంటు వెనక్కి వెళ్తే ఏమవుతుందో ఊహించుకోండి.

పంజాగుట్ట అపార్ట్‌మెంట్‌లో ఆదివారం మీటింగ్

సోలార్ అసలు మనకి కుదరనే కుదరదా అంటే, ఒక దారి ఉంది. రూల్ ప్రకారం చూస్తే పీఎం సూర్యఘర్ స్కీములో కిరాయిదారు కూడా అప్లై చేయొచ్చు. కరెంటు కనెక్షన్ మన పేరు మీద ఉండాలి, కప్పు వాడుకోవడానికి ఓనర్ అనుమతి ఉండాలి. ఈ రెండూ ఉన్న కిరాయిదారుని అమీర్‌పేటలో నేనింతవరకు చూడలేదు. ఇంకో దారి అపార్ట్‌మెంట్ కామన్ మీటర్.

పంజాగుట్టలో నా ఫ్రెండ్ వాళ్ల నాన్నగారు ఇరవై ఫ్లాట్ల అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌కి సెక్రటరీ. ‘మావాడి ఫ్రెండు ఇంజినీరు, లెక్కలు చెప్తాడు’ అని నన్ను మీటింగ్‌కి పిలిచారు. లిఫ్టు, మోటార్లు, కారిడార్ లైట్లు కలిపి వాళ్ల కామన్ మీటర్ నెలకి వెయ్యి యూనిట్లు తిరుగుతుంది. డొమెస్టిక్ రేటు మీద ఎనర్జీ చార్జీయే 8490 రూపాయలు.

సూర్యఘర్ 2024 ఫిబ్రవరిలో మొదలైంది. విడి ఇంటికి రెండు కిలోవాట్ల వరకు కిలోవాట్‌కి 30 వేలు, మూడోదానికి 18 వేలు, మొత్తం 78 వేల దాకా సబ్సిడీ. అసోసియేషన్ల కామన్ అవసరాలకైతే కిలోవాట్‌కి 18 వేలు. ఒక కిలోవాట్‌కి సుమారు వంద చదరపు అడుగుల నీడ లేని చోటు కావాలి. రోజుకి సుమారు నాలుగు యూనిట్లు వస్తాయి.

టేపు పట్టుకుని వాచ్‌మన్ అన్నతో కలిసి డాబా అంతా కొలిచాను. చూడ్డానికి పెద్ద డాబాయే. ట్యాంకులు, లిఫ్టు గది, డిష్ యాంటెన్నాలు, బట్టల తీగలు తీసేశాను. పడమటి వైపు కొత్తగా లేచిన ఏడంతస్తుల బిల్డింగ్ మూడింటి నుంచి నీడ పడేస్తోంది, అదీ తీసేశాను. మిగిలింది 500 అడుగుల పైచిలుకు. అంటే 5 కిలోవాట్లు, నెలకి 600 యూనిట్లు.

వెయ్యిలో 600 పోతే బిల్లు 60 శాతం తగ్గుతుందనుకుంటాం. కానీ తగ్గేవి పై స్లాబుల్లోని పది రూపాయల, తొమ్మిదిన్నర రూపాయల యూనిట్లు. మిగిలిన 400 యూనిట్లకి ఎనర్జీ చార్జీ 2690 మాత్రమే. అంటే నెలకి 5800 మిగులు, 68 శాతం! కిలోవాట్‌కి యాభై, అరవై వేల మధ్య ఖర్చు వేసుకుని, 90 వేల సబ్సిడీ తీసేస్తే, మూడేళ్లకి అటూ ఇటూగా పెట్టుబడి వెనక్కి వస్తుంది. ప్యానెళ్లు ఆ తర్వాత ఇరవై ఏళ్ల పైన పనిచేస్తాయి. బోర్డు మీద ఈ లెక్క వేయగానే అందరూ చప్పట్లు కొడతారనుకున్నాను.

కొట్టలేదు. పై అంతస్తు అంకుల్ ముందుగా లేచారు. ‘స్టాండ్లకి బోల్టులు కొడితే మా ఇంట్లో లీకేజీ వస్తది. ఎవరు బాధ్యత?’ ఒక ఆంటీ, ‘కరెంటు పోతే లిఫ్టు దీనితో నడుస్తుందా?’ అని అడిగారు. నడవదు. బ్యాటరీ లేని సిస్టమ్, గ్రిడ్ ఆగితే లైన్‌మన్ భద్రత కోసం అదీ ఆగిపోతుంది. ఈ సంగతి చాలామంది అమ్మకందారులు ముందు చెప్పరు. అమెరికాలో ఉండే ఒక ఫ్లాట్ ఓనర్ వీడియో కాల్‌లో, ‘నేను కిరాయికిచ్చాను, నాకేం లాభం?’ అన్నారు. ఆ ఫ్లాట్‌లో ఉండే కుర్రాళ్లు ముగ్గురూ గుమ్మం దగ్గరే నిలబడి వింటున్నారు. నెలనెలా మెయింటెనెన్స్ కట్టేది వాళ్లు. ఓటు మాత్రం లేదు.

నేను అదే అడిగాను. ‘సోలార్ పెట్టాక మెయింటెనెన్స్ తగ్గితే, కిరాయిదారులకి కూడా తగ్గిస్తారా?’ కాసేపు ఎవరూ మాట్లాడలేదు. చివరికి ఆ లిఫ్టు ఆంటీయే, ‘తగ్గించకపోతే ఎట్లా? కట్టేది పిల్లలే కదా’ అన్నారు. సెక్రటరీ గారు దాన్ని మినిట్స్ బుక్‌లో రాసుకున్నారు. ఆ రోజు జరిగిన వాటిలో నాకు అన్నిటికంటే నచ్చింది అదే.

తీర్మానం ఇంకా కాలేదు. పై అంతస్తు అంకుల్ వాటర్‌ప్రూఫింగ్ అయ్యాకే స్టాండ్లు పెట్టాలని పట్టుబట్టారు. బోల్టులు కొట్టకుండా సిమెంటు దిమ్మెల మీద నిలబెట్టే స్టాండ్లు ఉన్నాయని చెప్తే, గాలివానకి ఆగుతాయని రాతపూర్వకంగా గ్యారంటీ కావాలన్నారు. న్యాయమైన కోరికే. మూడు కంపెనీల నుంచి కొటేషన్లు వచ్చాయి, రెండింటిలో గాలి లెక్క లేదు. వాళ్లని మళ్లీ అడిగాం. వానలు తగ్గాక, దసరా దాటిన మొదటి ఆదివారం ఇంకో మీటింగ్ పెట్టారు. ఆ ముగ్గురు కుర్రాళ్లని కూడా ఈసారి లోపలికొచ్చి కూర్చోమన్నారు.